పీచ్ పండు వాసన

మిల్ క్రీక్ లోయ, పెన్సిల్వేనియా
ఏప్రిల్, మొదటి గురువారం

ప్రియమైన సవిల్లా అక్కకు,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, డాలీ ఆవు తప్ప. దానికి పొదుగు వాచింది. మూడు రోజులుగా వాన. బిషప్ ఎలామ్ గారి పొగాకు నారుమళ్ళ మీద తెల్లగుడ్డ కప్పేశారు. ఆయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి గుడ్డ అంచు ఎత్తి చూసుకుని వెళుతున్నారు. కోడళ్ళు పడుకున్నారో లేచారో ఎప్పుడైనా అలా చూశారా అని వాళ్ళ చిన్న కోడలు లీనా నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చాక నవ్వాను.

ఒక సంగతి రాయాలి. మా ఆయన బెన్యూల్ సిగరెట్లు మానేశాడు.

సంతోషించకు, ఇంకా ఉంది. వడ్రంగి పనివాళ్ళను వ్యానులో తీసుకెళ్ళే రాడ్నీ తెలుసు కదా, మన సంఘానికి బయటి ఇంగ్లీషు వాడు. మనం వ్యాను నడపకూడదు గానీ ఎక్కి కూర్చోవచ్చు, ఆ దేవుడి ఏర్పాటు ఎంత చక్కగా ఉందో. ఆ రాడ్నీ మా ఆయనకు ఒక కరెంటు సిగరెట్ ఇచ్చాడు. వేలెడంత గొట్టం. ఈ చివర పీలిస్తే ఆ చివర నీలం దీపం వెలుగుతుంది. నిప్పు లేదు, బూడిద లేదు. లోపల ఏదో రసం ఉంటుంది, అది ఆవిరై నోట్లోంచి వస్తుంది. పీచ్ పండు వాసన. మనం సీసాల్లో ఊరబెట్టే పీచ్ కాదు, పీచ్‌ని ఎన్నడూ చూడనివాడు చెప్పగా విని చేసిన పీచ్. తల్లి పోయిన దూడ పాలసీసా చీకినట్టు రోజంతా దాన్నే చీకుతున్నాడు. మన ఇళ్ళల్లో కరెంటు ఉండకూడదు కనుక, రాడ్నీ వ్యానులోనే దానికి కరెంటు పట్టించుకుని వస్తాడు.

"ఇది కూడా అలవాటే కదా" అన్నాను.

"అలవాటే. కానీ విను" అని నోరు మూసుకుని కూర్చున్నాడు. ఏం వినాలో అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. దగ్గలేదు.

నాన్న దగ్గు నీకు గుర్తుందా అక్కా? చివరి చలికాలం గొంతు పూర్తిగా పోయి, అమ్మను పిలవడానికి బల్ల మీద చెంచాతో కొట్టేవాడు. బెన్యూల్ దగ్గు ఈ మధ్య సరిగ్గా అలాగే మొదలైంది. అతను దగ్గినప్పుడల్లా నా కళ్ళు చెంచాల పెట్టె మీదకు పోయేవి. ఇప్పుడు పోవడం లేదు.

పట్నంలో డాక్టరమ్మను అడిగాం. "అది మరీ చెడ్డది, ఇదేమీ మంచిది కాదు. దాన్ని వదలడానికి దీన్ని పట్టుకో, తర్వాత దీన్నీ వదిలెయ్" అంది. ఇంగ్లీషు వాళ్ళు ఏదీ ఒక్కసారిగా వదలరు.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. కట్టుబాట్లలో దీని పేరు లేదు, ఇంకా ఎవరూ అడగలేదు.

నీ చెల్లి,
మలిండా

ఆల్డర్ ప్రెయిరీ, విస్కాన్సిన్
మే, రెండో వారం

చెల్లి మలిండాకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఇంకా రాత్రిళ్ళు మంచు పడుతోంది, అయినా ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు. ఫిర్యాదు చేయడం మీ లోయవాళ్ళ అలవాటు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంఘం మొత్తం పొగాకు పండిస్తుంది, కొట్టాల్లో ఆరబెడుతుంది, ఆ డబ్బుతో గుర్రాలు కొంటుంది, ఆదివారం ఆరాధన అయ్యాక కంచె పక్కన నిలబడి పొగ వదులుతుంది. ఇప్పుడు నీ భర్త నిప్పు లేకుండా పొగ తాగుతున్నాడు, అది నువ్వు నాకు శుభవార్తలా రాశావు. మేం ఈ ఊరు ఎందుకు వచ్చేశామో ఇప్పుడైనా అర్థమైందా? మా సంఘంలో పొగాకు విత్తినా తాగినా ప్రభు భోజనంలో చోటు లేదు. ఇక్కడి మగవాళ్ళకు ఆ వాసనే తెలియదు.

మీ బావ ఓమర్‌ని చూడు. ఏ అలవాటూ లేదు. జీనులు కుట్టే కొట్టులో తోలు వాసనకు కడుపులో తిప్పుతుందని రోజంతా పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తాడు, అంతే. గాలి ఆడాలని చలిలో కూడా కొట్టు వెనక తలుపు తీసే ఉంచుతాడు. మగవాడంటే అలా ఉండాలి.

నాన్న సంగతి రాయకు. నాకు గుర్తు చేయనక్కర్లేదు.

నువ్వు అతన్ని గట్టిగా అడగాలి. కానీ నువ్వు అడగవు. బళ్ళో టీచరు పేరు అడిగితే కూడా నా వెనక దాక్కునేదానివి.

నీ అక్క,
సవిల్లా

మిల్ క్రీక్ లోయ
జూలై, మూడో వారం

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో. నవ్వితే ఎందుకని అడుగుతారు.

రాడ్నీ రెండు వారాలు పెళ్ళాం పిల్లలతో సముద్రానికి వెళ్ళాడు. వ్యాను లేదు, గొట్టానికి కరెంటు లేదు. మా ఆయన రెండు రోజులు ఇల్లంతా తిరిగాడు. మూడో రోజు పొద్దున ఆవుల మేత కంచె దగ్గర ఆగాడు. కంచె తీగలో కరెంటు పారడానికి ఒక బ్యాటరీ ఉంటుంది కదా, దాన్ని చూశాడు. ఆవులకు పనికొచ్చే కరెంటు మనిషికి పనికిరాదా అనుకున్నాడట. కంచె తీగ ఊడదీసి, రాడ్నీ ఇచ్చిన ప్లగ్గు తగిలించి, గొట్టాన్ని దాని మీద కూర్చోబెట్టి పాలు పితకడానికి వెళ్ళిపోయాడు. తర్వాత ఎండుగడ్డి బండి వచ్చింది. సంగతి మర్చిపోయాడు.

ఆవులు మర్చిపోలేదు. ఏడాదంతా ఆ తీగను ముక్కుతో వాసన చూస్తూనే ఉంటాయి కాబోలు. భోజనాల వేళకు డాలీ ముందు నడిచింది, మిగతావి దాని వెనక. అటు పక్క మొక్కజొన్న ఉంది, గడ్డి ఉంది, మా తోట ఉంది. అవి వెళ్ళింది బిషప్ ఎలామ్ గారి పొగాకులోకి. మోకాలెత్తు వచ్చిన మొక్కలు. తినలేదులే, వాటికి ఆ మాత్రం తెలివి ఉంది. తొక్కాయి, అంతే. వరసలో ఒక్కటి వదలకుండా తొక్కాయి.

మేం ఆవుల్ని తోలుకొస్తుంటే బిషప్ గారు కంచె ఎందుకు పనిచేయలేదో చూద్దామని మాకంటే ముందే అక్కడికి చేరారు. బ్యాటరీ మీద నీలం దీపం మినుకు మినుకుమంటూ కూర్చుని ఉంది.

"ఇదేంటి బెన్యూల్?"

"అదీ... ఊపిరి కోసం."

"ఎవరి ఊపిరి, ఆవులదా?"

నేను ఆప్రాన్ నోటికి అడ్డం పెట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చిందని ఆయన అనుకుని ఉంటారు.

శనివారం డీకన్ ఎఫ్రయిమ్ గారు ఇంటికి వచ్చారు. కూర్చోగానే చుట్ట వెలిగించుకున్నారు. బూడిదకు సాసరు తెచ్చి పెట్టాను. ఆ చుట్ట పట్టుకునే మాకు హితబోధ చేశారు.

"మన తాతలు ఇలాంటిది పీల్చారా? కరెంటు లోకంలోంచి వస్తుంది, ఇంటిని లోకంలోకి లాక్కెళుతుంది. ఈ రోజు గొట్టం, రేపు టెలివిజన్."

"సిగరెట్ అయితేనో?" అని మా ఆయన అడిగాడు.

"అది వేరు. అది భూమిలోంచి వచ్చింది" అని సాసరులో బూడిద రాల్చారు.

గొట్టం ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చాడు. బిషప్ గారి బల్ల సొరుగులో ఉంచుతారట. అందులో సగం రసం ఇంకా ఉంది. మళ్ళీ అది ముట్టుకుంటే ప్రభు భోజనానికి ముందు సంఘం ఎదుట మోకరించి తప్పు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే వెలి. పాడైన పొగాకుకు బదులుగా కోతల్లో మేమిద్దరం పని చేస్తామని మాట ఇచ్చాం.

ఇంకొకటి. క్రిస్మస్‌కు ముందు మాకు బిడ్డ పుడుతుంది. ఇది ఎవరికైనా చెప్పుకో.

నీ చెల్లి,
మలిండా

ఆల్డర్ ప్రెయిరీ
ఆగస్టు

మలిండాకు,

బిడ్డ సంగతి విని సంతోషించాను. ఉన్ని పంపుతున్నాను.

మిగతా దాని గురించి ఒకటే మాట. పెద్దలు చెప్పినట్టు చెయ్యండి. వెలి పడ్డ ఇంట్లో బల్లలు రెండు వేసుకుంటారు, భార్య ఒక బల్ల మీద, భర్త ఒక బల్ల మీద తింటారు. అన్నీ చూసినదాన్ని కనుక చెబుతున్నాను. మన ఇంటి పేరు లోయంతా తిరగకూడదు. ఆవుల సంగతి ఇప్పటికే ఇక్కడిదాకా వచ్చింది. చీజ్ కొట్టులో ఒకామె నన్ను ఆపి అడిగింది.

ఓమర్‌కు జలుబు పట్టుకుంది. ఎండాకాలం జలుబు తొందరగా పోదు.

సవిల్లా

మిల్ క్రీక్ లోయ
సెప్టెంబరు, రెండో వారం

ప్రియమైన అక్కా,

పెద్దలు చెప్పినట్టే చేశాం. బెన్యూల్ మళ్ళీ మంచి క్రైస్తవుడయ్యాడు. రోజుకు ఒక పెట్టె తాగుతున్నాడు. కంచె పక్కన మగవాళ్ళ మధ్య నిలబడితే ఎఫ్రయిమ్ గారు తన అగ్గిపుల్లతోనే ముట్టించారు. తప్పిపోయిన గొర్రె దొరికినట్టు వీపు తట్టారట.

దగ్గు తిరిగొచ్చింది. వెళ్ళిన దానికంటే పెద్దదై వచ్చింది. పైకప్పు మీద పనిచేస్తూ ఆగి ఆగి దిగుతున్నాడని రాడ్నీ చెప్పాడు. నేను చెంచాల పెట్టెను అలమర లోపల, బట్టల వెనక పెట్టాను. అన్నం వేళ వెతుక్కోవలసి వస్తోంది.

బిషప్ గారి పొగాకు కోతకు వెళుతున్నాం. మగవాళ్ళు నరుకుతారు, మేము కాడలను కర్రలకు గుచ్చుతాం. మంచు తడి ఆకు ఒంటికి తగిలితే వాంతులవుతాయని నీకు తెలుసు. మొన్న నేను, లీనా పొలం గట్టు మీద పక్కపక్కనే కూర్చుని కక్కుకున్నాం. నాది కడుపుతో ఉన్న వాంతి అనుకున్నాను. ఆకు వాంతి అని లీనా అంది.

"నీకెలా తెలుసు?"

"నాకు ప్రతి ఏడూ అవుతుంది. పిల్లలు మాత్రం ప్రతి ఏడూ పుట్టరుగా" అంది. చలికాలమంతా ఆ పిల్ల నేలమాళిగలో కూర్చుని ఆరిన కాడల నుంచి ఆకు వలుస్తుంది. ఆమె భర్త రాత్రిళ్ళు దగ్గితే ఆమె మామగారు, మన బిషప్ గారే, పక్క గదిలోంచి గోడ మీద తడతారట, నిద్ర పట్టడం లేదని.

వాంతి తెప్పించే ఆకు భూమిలోంచి వచ్చింది కాబట్టి పరిశుద్ధం. పీచ్ వాసన వేసేది పాపం. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను, అందుకే అర్థం కావడం లేదు కాబోలు.

మంగళవారం అతని రుమాలు ఉతుకుతుంటే ఎర్రటి మరక కనిపించింది. ముక్కులోంచి అన్నాడు. నేను సరే అన్నాను. నువ్వు చెప్పినట్టే నేను ఏమీ అడగను.

మలిండా

ఆల్డర్ ప్రెయిరీ
సెప్టెంబరు ఆఖరు

ప్రియమైన మలిండా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. రుమాలు డాక్టరమ్మకు చూపించు. అతను వద్దన్నా చూపించు.

ఇక్కడ ఒకావిడ కొన్ని సంగతులు అడిగింది, నీకు తెలుసునని అన్నాను. ఆ గొట్టం మొదలుపెట్టాక దగ్గు ఎన్నాళ్ళకు తగ్గింది? బట్టలకు వాసన అంటుకుంటుందా? పీచ్ కాకుండా వేరే రుచులు ఉంటాయా? పక్క గదిలో ఉన్నవాళ్ళకు తెలుస్తుందా? ఆవిడ పేరు రాయను, ఆవిడకు ఇష్టం ఉండదు.

ఓమర్ జలుబు అలాగే ఉంది. ఇప్పుడు కొట్టులో వెనక తలుపుతో పాటు కిటికీ కూడా తీస్తున్నాడు.

నీ అక్క,
సవిల్లా

మిల్ క్రీక్ లోయ
అక్టోబరు, మూడో వారం

ప్రియమైన సవిల్లా అక్కా,

ముందు ఆవిడ ప్రశ్నలకు జవాబులు. దగ్గు రెండు వారాల్లో సగమైంది, నెలన్నరకు పోయింది. బట్టలకు అంటుకోదు. రుచులు చాలా ఉన్నాయట. పక్క గదిలో తెలియదు, కానీ ఆవులను దూరంగా ఉంచమని చెప్పు.

డాక్టరమ్మ చూసింది. ఊపిరితిత్తులు ఇంకా చేయిదాటిపోలేదు, ఈ చలికాలం కూడా తాగితే తను మాట ఇవ్వలేనంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు కూర్చుని చదువు.

ఆదివారం ఒకరింట్లో, ప్రభు భోజనానికి ముందు పెట్టే సమ్మతి కూడిక జరిగింది. బిషప్ గారు కట్టుబాట్లన్నీ వరసగా చెప్పారు. టోపీ అంచు వెడల్పు, గుర్రబ్బండి దీపాలు, ఆడవాళ్ళ గౌనుల పొడవు. చివర ఒక కొత్తది చేర్చారు, కరెంటు గొట్టాలు ఇకమీదట ఎవరూ వాడకూడదని. మగవాళ్ళు కొందరు బెన్యూల్ వైపు చూశారు. అతను దగ్గు ఆపుకుంటూ టోపీ చుట్టూ వేలు తిప్పుతున్నాడు.

తర్వాత ఎప్పటిలాగే సమ్మతి అడగడం. ప్రతి మనిషినీ అడగాలి, ఆడవాళ్ళను కూడా. ఒక్కరు కాదన్నా ప్రభు భోజనం ఆగిపోతుంది. అందుకే ఎవరూ కాదనరు. బాప్తిస్మం అయినప్పటినుంచి నేను తల ఊపడం తప్ప ఇంకేమీ చేయలేదు, అది కూడా చిన్నగా.

మా వైపు ఎఫ్రయిమ్ గారు వచ్చారు. ముసలమ్మలతో మొదలుపెట్టి వయసు ప్రకారం అడుగుతూ వస్తున్నారు. సమ్మతమే, సమ్మతమే, సమ్మతమే. బిషప్ గారి భార్య సమ్మతమే అంది. నా దాకా వచ్చేసరికి ఆయన కాళ్ళు పక్క మనిషి వైపు తిరిగే ఉన్నాయి. నేను తల ఊపుతానని ఆయనకు తెలుసు.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి బెన్యూల్ దగ్గాడు. ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. చాలాసేపు దగ్గాడు. నాకు బల్ల మీద చెంచా చప్పుడు వినిపించింది అక్కా, నిజంగా వినిపించింది.

"సమ్మతం కాదు" అన్నాను.

ఎఫ్రయిమ్ గారు వెనక్కి తిరిగారు. "ఏమన్నావమ్మా?"

"సమ్మతం కాదు. గొట్టం తప్పయితే పొలం కూడా తప్పే. రెండూ ఆపితే సమ్మతం."

"సరిగా వినపడలేదు."

ఆయనకు చెవి కాస్త మందమే గానీ అంత మందం కాదు. మూడోసారి చెప్పాను. ఈసారి ఇల్లంతా వినపడింది, వంటింట్లో పసిపిల్లల్ని ఆడిస్తున్న అమ్మాయిలతో సహా. ఆ గొంతు నాదేనా అని నేనే పక్కకు చూశాను.

కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. ఎవరు ఏమంటారో అని తల వంచుకుని కూర్చున్నాను. ఎఫ్రయిమ్ గారు ఇక చేసేదేం లేక, నా పక్కన ఉన్న లీనాను అడిగారు.

"మలిండా చెప్పిందే నా మాట" అంది లీనా. మామగారి ఎదుట, అత్తగారి వెనక కూర్చుని అంది. ఆ తర్వాత వరసలో ఇంకొందరు అదే అన్నారు. ఆకు గుచ్చిన వాళ్ళందరూ ఆ వరసలోనే కూర్చుని ఉన్నారు.

బిషప్ గారు బైబిల్ మూసి పక్కన పెట్టారు. అందరి మాటా ఒకటి కాలేదు కనుక ప్రభు భోజనం వాయిదా అన్నారు. బయట కంచె దగ్గర ఆ రోజు ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

బండిలో ఇంటికి వస్తుంటే సగం దారిలో బెన్యూల్ నా వైపు తిరిగాడు.

"నాకు చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

"నాకే తెలియదు" అన్నాను.

ఇప్పుడు ఏమవుతుందో తెలియదు. నన్నే మోకరించమంటారేమో. కడుపు ఇంత ఉంది, మోకరిస్తే లేపడానికి ఇద్దరు కావాలి. ఆ పని ఎఫ్రయిమ్ గారికే అప్పగిస్తాను.

నీ వెనక దాక్కునే,
మలిండా

మిల్ క్రీక్ లోయ
నవంబరు, రెండో వారం

ప్రియమైన అక్కా,

పెళ్ళిళ్ళ రోజులు. ఎవరింటి పక్కన చూసినా పెళ్ళి విందుకు పెంచిన సెలరీ కూర మడులు ఖాళీ అవుతున్నాయి. మీ ఊరి నుంచి వ్యాను నిండా వచ్చిన చుట్టాలకు గురువారం తిరుగు ప్రయాణం. వాళ్ళ చేతికి ఈ ఉత్తరం, ఒక పొట్లం ఇస్తున్నాను.

నన్ను మోకరించమనలేదు. పోయిన వారం పట్టపగలు బిషప్ ఎలామ్ గారే ఇంటికి వచ్చారు. కంచె గట్టిగా ఉందో లేదో చూడ్డానికి వచ్చానన్నారు. చూశారు. గట్టిగానే ఉంది. తర్వాత వంటింట్లో కూర్చుని నేను పండ్లు పెట్టి కాల్చిన పై రొట్టె ముక్క తిన్నారు, ఇంకో ముక్క తిన్నారు. అప్పుడు జేబులోంచి రుమాలు తీసి విప్పి, గొట్టాన్ని బల్ల మీద పెట్టారు.

"చెవిటివాళ్ళు చెవిలో యంత్రం పెట్టుకుంటారు. దానికీ బ్యాటరీ ఉంది. దాన్ని మనం కాదనలేదు" అన్నారు.

"లేదండి" అన్నాడు మా ఆయన.

"జబ్బు మనిషి మందులా వాడుకోవచ్చు. ఆరాధనకు తేకూడదు, పిల్లల ముందు పీల్చకూడదు, డాక్టరు వదలమన్నప్పుడు వదలాలి. ఆవుల బ్యాటరీ ముట్టకూడదు." ఆ చివరిది చెప్పేటప్పుడు కొంచెం గట్టిగా చెప్పారు.

"మరి పొలం?" అన్నాను. నాకు ఇప్పుడు అడగడం అలవాటైపోయింది, బెన్యూల్‌కు గొట్టంలాగే.

"పొలం సంగతి వసంతంలో చూద్దాం" అన్నారు. వసంతంలో చూసేది నారుమళ్ళేనని నాకు తెలుసు. కానీ ఈ చలికాలం నేలమాళిగలో ఆకు వలవనని లీనా చెప్పేసిందట, ఇంకో ఇద్దరు కోడళ్ళు కూడా. ఆయన, ముసలావిడ కూర్చుని వలుస్తున్నారు. ఆయన వేళ్ళు నల్లగా ఉన్నాయి. బిషప్ గారి ఈ షరతుల మీద అందరం సమ్మతం అన్నాం, ప్రభు భోజనం అయింది. నేను ఈసారి తల ఊపలేదు, నోటితోనే అన్నాను.

ఆయన వెళ్ళాక గొట్టం తీసి చూశాం. జూలైలో వెళ్ళినప్పుడు సగం రసం ఉండేది. ఇప్పుడు చుక్క లేదు. సొరుగులో వేడికి ఆరిపోయి ఉంటుందని బెన్యూల్ అన్నాడు. నేనూ అలాగే అనుకుంటున్నాను. పై ముక్క వడ్డించడానికి వంగినప్పుడు ఆయన గడ్డం దగ్గర పీచ్ వాసన వచ్చింది గానీ, నేను చేసిన పై కూడా పీచ్‌దే. అందుకని ఏమీ అనలేం.

బెన్యూల్ మళ్ళీ గొట్టం పట్టాడు. రసంలో ఘాటు తగ్గించుకుంటూ వస్తున్నాడు. ఇంకా దూడలాగే ఉన్నాడు, కానీ దగ్గు తగ్గుతోంది. చెంచాల పెట్టెను మళ్ళీ బల్ల మీద పెట్టాను.

పొట్లంలో బొంత కుట్టుకోవడానికి గుడ్డముక్కలు పంపుతున్నాను. నీలంవి కింద ఉన్నాయి, జాగ్రత్తగా విప్పు, మధ్యలో ఒక వస్తువు ఉంది. నువ్వు చెప్పిన ఆవిడకు ఇవ్వు. రాడ్నీతో వెతికించి పిప్పరమెంటు రుచిది తెప్పించాను.

నీ చెల్లి,
మలిండా

ఆల్డర్ ప్రెయిరీ
డిసెంబరు

ప్రియమైన మలిండా,

ఆడపిల్ల పుట్టిందని తెలిసి ఆ పూట పని మానేసి కూర్చున్నాను. గొంతు పక్క పొలం దాకా వినిపిస్తోందని రాశావు. నీ పోలికే అంటే ఇప్పుడు ఎవరైనా నమ్ముతారు.

గుడ్డముక్కలు అందాయి. ఆవిడకు ఇచ్చాను. చాలాసేపు ఏడ్చింది.

మా సంఘంలో దీన్ని గురించి ఇంకా ఎవరూ అడగలేదు. ఓమర్ జలుబు తగ్గుముఖం పట్టింది. కొట్టు వెనక తలుపు, కిటికీ రెండూ మూసుకుని పని చేసుకుంటున్నాడు. ఈ చలిలో అదే మంచిది.

రోజూ పొద్దున్నే మేత కంచె దగ్గరకు వెళ్ళి, తీగ బ్యాటరీకి తగిలించి ఉందో లేదో నేనే చూసుకుని వస్తున్నాను.

నీ అక్క,
సవిల్లా